చుక్క వెనక పేర్లు

డిపోలో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినిపించదు. డ్రైవర్లకూ కండక్టర్లకూ నెలనెలా డ్యూటీ చార్టు వేసేది ఆవిడే కాబట్టి అందరికీ చార్టమ్మ. ఎదురుపడితే మాత్రం అక్కా అంటారు. వెనకాల పెట్టిన పేరని తెలిసినా ఆవిడకు కోపం లేదు సరికదా, లోలోపల కాస్త గర్వం కూడా. బిరుదులు ఊరికే వస్తాయా?

పదిహేడేళ్ళ కిందటి దాకా ఆ చార్టు వేసింది ఆవిడ బావ, అంటే సొంత అక్క మొగుడు. అప్పుడాయన ఈ డిపోకి కంట్రోలరు. పెద్ద కాగితం మీద గళ్ళు గీసుకుని, పెన్సిలూ రబ్బరూ పుచ్చుకుని కూర్చునేవాడు. ఎవరైనా వచ్చి చేతులు నలుపుకుంటూ నిలబడితే చాలు, ఆయన మనసు కరిగిపోయేది. ఈ గడిలో పేరు చెరిపి ఆ గడిలో రాసేవాడు. నెలాఖరుకి కాగితానికి చిల్లులు పడేవి, డిపోలో గొడవలు రేగేవి. చార్టమ్మది ముక్కుసూటి వ్యవహారం. "నోరున్నవాడికి మధ్యాహ్నం బస్సు, లేనివాడికి తెల్లవారుజాము బస్సు. ఇదేం న్యాయం బావా?" అని ఆఫీసులోనూ పోట్లాడింది, ఇంట్లోనూ పోట్లాడింది. పోట్లాడి ఊరుకోలేదు. డిపోలో అప్పటికున్న ఒకే ఒక్క కంప్యూటరు, కమాండ్లు టైపు చేసి నడిపే యూనిక్స్ రకం దాని ముందు ఎనిమిది నెలలు కూర్చుని, ఆ నల్ల తెర మీద, చార్టు వేసే ప్రోగ్రాము రాసింది.

నియమాలన్నీ ఒక ఫోల్డరులో ఉంటాయి. సెలవులు ఒక ఫైలు, డాక్టరు సర్టిఫికెట్లు ఒక ఫైలు, ఎవరు ఏ రూటు నడపగలరో ఒక ఫైలు, అలా మొత్తం ఐదు. ప్రోగ్రాము ఆ ఫోల్డరులో ఏ ఫైలుంటే దాన్నల్లా చదువుకుని, మిగిలిన డ్యూటీలను వరస తిప్పుతూ పంచేస్తుంది. "మిషన్‌కి బావల్లేరు, బావమరుదుల్లేరు. మొహమాటం అసలే లేదు" అని ఆవిడ అనని నెల లేదు. నిజంగానే గొడవలు తగ్గాయి. బావ కూడా "నువ్వు గెలిచావు మరదలా" అని పెన్సిలు పక్కన పెట్టేసి, ఐదేళ్ళ కిందట కడుపులో చల్ల కదలకుండా రిటైరయ్యాడు.

ఇప్పుడు హెడ్డాఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. అన్ని డిపోల్లోనూ ఒకే రకం డెస్క్‌టాప్ కంప్యూటర్లు పెడతారట. అవి యూనిక్స్ జాతివి కావు, కిటికీలు తెరిచి బొమ్మల మీద నొక్కే రకం. చార్టు పనికి హెడ్డాఫీసు వాళ్ళ ప్యాకేజీ ఒకటి వస్తుంది. మాకు మా సొంత ప్రోగ్రామే కావాలని ఏ డిపో అయినా అంటే, దాన్ని కొత్త మిషన్ మీద నడిపి చూపించాలి. పాత మిషన్ వేసిన చార్టుతో అది అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. శుక్రవారం పొద్దున హెడ్డాఫీసు నుంచి ఒకావిడ వచ్చి చూస్తుంది. సరిపోతే ప్రోగ్రాము బతుకుతుంది, లేకపోతే పాత మిషన్‌తో పాటు లారీ ఎక్కుతుంది. పదిహేడేళ్ళ పని అలా పోతుందంటే చార్టమ్మకు అన్నం సయించలేదు.

కొత్త మిషన్‌కి ఈ ప్రోగ్రాము అర్థం కాదు. కానీ దాని లోపలే యూనిక్స్ తరహా వాతావరణం కల్పించే సాఫ్ట్‌వేర్ దొరుకుతుంది. పరాయి ఇంట్లో ఒక వాటా అద్దెకి తీసుకుని, వంటావార్పూ మన పద్ధతిలో చేసుకోవడం లాంటిదది. అయితే ఇంటివాళ్ళ పద్ధతులు కొన్ని తప్పవు. పాత మిషన్‌లో ప్రతి లైను చివరా కంటికి కనబడని గుర్తు ఒకటే ఉంటుంది, కొత్తది రెండు పెడుతుంది. కొత్త ఎడిటరులో ఒకే ఒక్క ఫైలు తెరిచి సేవ్ చేసినందుకు ప్రోగ్రాము సగం దారిలో చతికిలబడింది. ఆ రెండో గుర్తు ఎక్కణ్ణుంచి వచ్చిందో కనిపెట్టేసరికి ఆవిడకు తల ప్రాణం తోకకొచ్చింది. ఫోల్డర్ల పేర్ల మధ్య గీత కూడా అక్కడ ఒకవైపు వాలితే ఇక్కడ రెండోవైపు వాలుతుంది. "ఇదేం ఇల్లురా నాయనా, గీతలు కూడా తిరగబడి పడుకుంటాయి" అని గొణుక్కుంటూ ఒక్కొక్కటీ సర్దుకొచ్చింది.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి కొత్త మిషన్ మొదటి చార్టు వేసింది. రెండు చార్టులనూ పోల్చి చూసే కమాండు ఒకటుంది. తేడా ఉంటేనే అది నోరు విప్పుతుంది, అన్నీ సరిపోతే ఏమీ అనదు. ఆవిడ కమాండు కొట్టి తెరకేసి చూసింది. అది ఏమీ అనలేదు. నమ్మకం చాలక మళ్ళీ కొట్టింది. మళ్ళీ ఏమీ అనలేదు. చార్టమ్మ గదిలో ఒక్కతే పకపకా నవ్వి, క్యాంటీన్ నుంచి రెండు టీలు తెప్పించుకుని రెండూ తనే తాగింది.

తాగుతూ తాగుతూ, సరదాకి కొత్త మిషన్ కిటికీలోంచి నియమాల ఫోల్డరు తెరిచి చూసింది. ఐదు ఫైళ్ళు ఉండాల్సిన చోట ఆరు ఉన్నాయి. ఆరోదాని పేరు ముందు ఒక చుక్క, దాని పక్కన 'మనవాళ్ళు'.

పేరు చుక్కతో మొదలైతే ఆ ఫైలు మామూలు జాబితాలో కనబడకపోవడం యూనిక్స్ ఆనవాయితీ. పని కట్టుకుని అడిగితేనే చూపిస్తుంది. అడగాల్సిన అవసరం ఆవిడకు ఎప్పుడూ రాలేదు. కొత్త మిషన్‌కి ఆ ఆనవాయితీ తెలియదు, ఉన్నదంతా బయట పెట్టేసింది. ప్రోగ్రాముకి మాత్రం చుక్క ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఏ ఫైలుంటే దాన్నల్లా చదువుకోమని చెప్పింది ఆవిడే కదా.

తెరిచింది. లోపల తను నేర్పిన పద్ధతిలోనే లైన్లు ఉన్నాయి. ముందు ఉద్యోగి నంబరు, తర్వాత వేయకూడని డ్యూటీ, చివర మిషన్ చదవని చోట, మనుషులు చదువుకోవడానికి ఒక ముక్క.

"ఫస్టు బస్సు వద్దు. యాక్సిడెంటు తర్వాత మంచు అంటే వణికిపోతున్నాడు."

"మంగళవారం వద్దు. భార్యకి రక్తం ఎక్కించే రోజు."

"సాయంత్రాలు వద్దు. చదువుకోవడానికి వెళ్తున్నాడు. ఈ వయసులోనా అని నవ్వుతారని సిగ్గు."

"వీళ్ళిద్దర్నీ ఒకే బస్సెక్కించొద్దు. కొట్టుకుంటారు."

అరికాలి మంట నెత్తికెక్కింది ఆవిడకు. ఈ మాటల తీరు ఎవరిదో చెప్పక్కర్లేదు, పెన్సిలు పోయి కీబోర్డు వచ్చిందంతే. పళ్ళు కొరుక్కుంటూ కిందికి చదువుతూ పోయింది. పదకొండో లైనులో తన నంబరే ఉంది.

"గురువారం సాయంత్రం కౌంటరు వద్దు. పిల్లకి మాటల క్లాసు. తను అడగదు."

చార్టమ్మ కూతురికి మాట నోట్లో అడ్డం పడుతుంది. ఆరేళ్ళుగా గురువారం సాయంత్రం థెరపీకి తీసుకెళ్తోంది. ఆఫీసు వాళ్ళకి నెలకి రెండు మూడు సాయంత్రాలు ఎంక్వైరీ కౌంటరు డ్యూటీ పడుతుంది, ఆవిడకు గురువారం నాడు ఒక్కసారీ పడలేదు. వరస అలా కలిసొచ్చిందనుకుంది. కలిసొచ్చినదాన్ని ఎవరు మాత్రం లెక్కపెట్టుకుంటారు? మిషన్ ఎంత మంచిదో అని మనసులో దండం కూడా పెట్టుకుంది. ఇప్పుడా లైను చూస్తుంటే ఆవిడకు కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. రెండూ వచ్చాయి.

ముఖం కడుక్కుని వచ్చి, ఆ ఫైలు పక్కకి తీసి ప్రోగ్రాము మళ్ళీ నడిపింది. ఈసారి పోల్చే కమాండు నోరు విప్పింది. ముప్పై ఒక్క తేడాలు. తేడాలన్నీ కాగితం మీద వేసుకుని కూర్చుంటే ఇంకో సంగతి బయటపడింది. మంచు పట్టే కొండ రోడ్డు మీద తెల్లవారుజామున నాలుగింటికి పోయే ఫస్టు బస్సు, చుక్క ఫైలు ఉంటే నెలలో తొమ్మిదిసార్లు ఒకే డ్రైవరు మీద పడుతోంది. లేకపోతే నాలుగుసార్లే. ఆ డ్రైవర్ని డిపోలో మౌనస్వామి అంటారు. నోట్లో నాలుక లేని మనిషి.

ఆవిడ లేచి కంట్రోలరు గదిలోకి వెళ్ళింది. ఇప్పటి కంట్రోలరు బావ దగ్గర పని నేర్చుకున్నవాడే.

"నియమాల ఫోల్డర్లో ఒక ఫైలుంది" అంటూ మొదలుపెట్టింది.

కంట్రోలరు టీ గ్లాసు కింద పెట్టాడు. "చుక్కేనా అక్కా?"

"నీకు తెలుసా?"

"నాకేంటి, అందరికీ తెలుసు. 'సార్, నన్ను కొంచెం చుక్కలో వేయండి' అని వస్తూనే ఉంటారు. మీ బావగారు పోతూ పోతూ నాకు అప్పజెప్పి వెళ్ళారు. మీకు మాత్రం చెప్పొద్దన్నారు. మీ మనసు కష్టపడుతుందని..."

"అంటే డిపో మొత్తంలో నేనొక్కదాన్నే వెర్రిదాన్ని."

"అలా అనకండక్కా. శుక్రవారం ఆవిడ చూస్తుందనేగా మీ బాధ? కొత్త మిషన్లో కూడా ఫైలు దాచే ఏర్పాటుందట. ఒక్క టిక్కు పెడితే చాలట."

ఆ మాట నిజమే. ఆవిడకీ తెలుసు.

బావ ఇల్లు డిపోకి రెండు వీధుల అవతల. చార్టమ్మ వెళ్ళేసరికి ఆయన వరండాలో కూర్చుని పాత గొడుగు బాగుచేస్తున్నాడు.

"రా మరదలా. ముఖం చూస్తే ఎవరికో మూడినట్టుంది."

"నీకే. 'మనవాళ్ళు' ఎవరు బావా?"

ఆయన చేతిలో గొడుగు ఊచ ఆగిపోయింది. కాసేపటికి నవ్వాడు. "చుక్కతో మొదలయ్యే ఫైళ్ళు కనబడవు బావా, వాటి జోలికి పోకు అని చెప్పింది నువ్వే. నువ్వు చెప్పిన కంప్యూటరు పాఠాల్లో నా బుర్రకెక్కింది అదొక్కటే."

"నవ్వకు. ఇన్నేళ్ళూ నన్ను బొమ్మని చేసి ఆడించావు."

"నువ్వు రాసిందాంట్లో తప్పు లేదే. జబ్బుకి సర్టిఫికెట్ ఉంటుంది, సెలవుకి కాగితం ఉంటుంది. మంచు చూస్తే వణుకొస్తుందని ఏ డ్రైవరు కాగితం పెడతాడు? పెడితే రేపట్నుంచి వాడికి బండి ఇస్తారా? అందుకని ఓ మూల రాసుకున్నా. నీ చార్టు చెడిపోకుండానే కదా."

"చెడిపోలేదా? ఫస్టు బస్సు నెలకి తొమ్మిదిసార్లు ఎవరి మీద పడుతోందో తెలుసా?"

ఆయనకు తెలియదు. ఆవిడ చెప్పింది. బావ గొడుగు పక్కన పెట్టేశాడు.

"వాడెప్పుడూ నోరు తెరిచి అడగలేదు" అన్నాడు మెల్లిగా.

"నేనూ అడగలేదు కదా బావా. నేను మీ ఇంటి మనిషిని కాబట్టి నీ కంటపడ్డాను. వాడు పడలేదు."

లోపల్నుంచి అక్క వచ్చి, ఇద్దరి ముఖాలూ చూసి, "ఏమైంది? ఎవరైనా పోయారా?" అంది. చార్టమ్మ గుమ్మం దిగబోతుంటే బావ వెనక నుంచి అన్నాడు: "తీసేస్తావా?"

"తెలీదు. తీసేస్తే చార్టు సరిపోదు, ప్రోగ్రాము పోతుంది. దాస్తే సరిపోతుంది, నేను పోతాను."

మర్నాడు గురువారం. సాయంత్రం థెరపీ గది బయట బెంచీ మీద కూర్చుంటే, లోపల కూతురు ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదవడం వినిపించింది. ఎప్పుడూ కూర్చునే బెంచీయే. ఆ వేళ మాత్రం, ఇక్కడ తను కూర్చున్న ప్రతి గురువారం అక్కడ కౌంటరులో ఎవరు కూర్చున్నారో అన్న ఆలోచన వదల్లేదు.

శుక్రవారం హెడ్డాఫీసావిడ పది గంటలకే వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, కళ్ళజోడు తల మీదికి తోసుకుని, మాట తక్కువగా పని చేసుకుపోయే మనిషి. కమాండు తనే కొట్టింది. అది ఏమీ అనలేదు. "అక్షరం తేడా లేదండీ! మిగతా డిపోల్లో ఇప్పటిదాకా ఎవరికీ కుదర్లేదు" అని మెచ్చుకుంటూ ఫారం బయటికి తీసింది. గుమ్మం దగ్గర నిలబడ్డ కంట్రోలరు ఊపిరి పీల్చుకున్నాడు.

"సంతకం పెట్టకండి. ఇంకోటి చూడాలి మీరు" అంది చార్టమ్మ. కిటికీ తెరిచి ఆరో ఫైలు మీద నొక్కింది. ఫైలు దాచే టిక్కు ఆవిడ పెట్టలేదు.

హెడ్డాఫీసావిడ కళ్ళజోడు దింపుకుని మొత్తం చదివింది. కొట్టుకుంటారన్న లైను దగ్గర పెదవి కొంచెం కదిలింది. పదకొండో లైను దగ్గర ఆగి, "ఇదెవరు?" అంది.

"నేనే."

"మీరు చూపించకపోతే నాకు తెలిసేది కాదు."

"నాకూ తెలీలేదండీ, మొన్నటిదాకా."

హెడ్డాఫీసావిడ ఫారం మూసింది. చాలాసేపు కలం మూత పెట్టడం, తీయడం చేసింది. "దాచిపెట్టిన నియమంతో నడిచే ప్రోగ్రాముని నేను ఒప్పుకోలేను. పైకి కనబడే నియమమైతే ఒప్పుకుంటాను. ఎవరికి కావలసింది వాళ్ళే సంతకం పెట్టి అడగాలి, అందరికీ కనబడాలి. సోమవారం మధ్యాహ్నానికి అది నా దగ్గరుంటే ఈ ప్రోగ్రాము ఉంటుంది. లేకపోతే మా ప్యాకేజీయే."

ఆవిడ వెళ్ళాక కంట్రోలరు తల పట్టుకున్నాడు. "ఎవరు రాస్తారక్కా గోడ మీద? వణుకని రాస్తాడా వాడు? చదువు రాదని రాస్తాడా వీడు? ఎటూ కాకుండా పోయాం."

అతను చెప్పినట్టే అయింది. నోటీసు బోర్డు మీద చార్టమ్మ గళ్ళు గీసి అంటించిన కాగితం సాయంత్రం దాకా ఖాళీగానే ఉంది. వచ్చినవాళ్ళు చదివారు, ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు, బస్సులెక్కి వెళ్ళిపోయారు. కారణం రాయడానికి ఆవిడే వెడల్పుగా ఒక గడి కేటాయించింది. దాన్ని చూసే అందరూ వెనక్కి తగ్గారు.

శనివారం పొద్దున ఆవిడ ఆ కాగితం పీకేసి ఇంకోటి గీసింది. ఇందులో కారణం గడి లేదు. పేరు, వద్దన్న డ్యూటీ, సంతకం, అంతే. మొదటి వరసలో తన పేరు రాసింది. గురువారం సాయంత్రం కౌంటరు వద్దు అని రాసింది. సంతకం పెట్టాక, ఎవరూ అడగకపోయినా, దాని కిందే సన్నగా ఇంకో ముక్క రాసింది: "మా అమ్మాయి మాట్లాడటం నేర్చుకుంటోంది. పక్కన నేనుండాలి." ఇరవై మూడేళ్ళ ఉద్యోగంలో నాకిది కావాలని ఆవిడ ఒకర్ని అడగడం అదే మొదలు.

పదకొండింటికి మంగళవారం డ్రైవరు వచ్చి సంతకం పెట్టాడు. తర్వాత, ఒకే బస్సెక్కితే కొట్టుకునే ఇద్దరూ ఒకేసారి వచ్చి, పెన్ను నాకంటే నాకని అక్కడా కాసేపు కొట్టుకున్నారు. సాయంత్రాలు వద్దన్న అతను పొడి పొడి అక్షరాలతో తన పేరు తనే రాసి, దూరంగా నిలబడి ఒకసారి చూసుకున్నాడు. మంచు డ్రైవరు ఆదివారం వచ్చాడు. "కారణం రాయాలా అక్కా?" అన్నాడు. "నాది రాశానుగా, అందరికీ అదే చాలు" అంది ఆవిడ. సోమవారం పొద్దున తొమ్మిదికల్లా చుక్క ఫైలులో ఉన్న పద్నాలుగు పేర్లూ నిండాయి.

కాగితం తీసుకెళ్దామని వచ్చేసరికి బోర్డు ముందు మౌనస్వామి నిలబడి ఉన్నాడు. ఫస్టు బస్సు దిగి వచ్చినట్టున్నాడు, చొక్కా భుజాల మీద ఇంకా తడి ఉంది. ఆవిణ్ణి చూసి పక్కకి జరిగాడు.

"నేనూ రాయొచ్చా అక్కా? నేను చుక్కలో లేను."

"చుక్క సంగతి నీకూ తెలుసా?"

"అందరికీ తెలుసు కదా."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదయ్యా?"

ఆయన తల వంచుకుని చేతిలో తాళాలు అటూ ఇటూ తిప్పాడు. "అడిగితే నా బస్సు ఇంకొకడి మీద పడుతుంది కదక్కా."

ఇన్నేళ్ళు న్యాయం న్యాయం అని తను అరిచింది ఈ మనిషి కోసమే, ఈ మనిషే తనకు కనబడలేదు. చార్టమ్మ జేబులోంచి పెన్ను తీసి ఆయన చేతిలో పెట్టింది.

"పడనీ. తలా ఒకసారి పడనీ. అందుకేగా నేనిది రాసింది."

ఆయన బోర్డు మీది కాగితాన్ని అదిమి పట్టుకుని, నింపాదిగా, బండి నడిపినంత జాగ్రత్తగా రాశాడు: "పిల్లలు లేచేసరికి ఇంట్లో ఉండాలి. నెలకి రెండు ఆదివారాలు ఫస్టు బస్సు వద్దు."

నాలుగు ఆదివారాలూ రాయమని చెప్పాలని చార్టమ్మకు నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పింది కూడా.